ఒడ్డు చూస్తుండగా

కళింగపట్నం ఒడ్డున సాయంత్రం పూట కూర్చునే అలవాటు నాకు చాలా ఏళ్లుగా ఉంది. లైట్‌హౌసుకి దిగువన, వంశధార సముద్రంలో కలిసే వైపు మొహం పెట్టుకుని కూర్చుంటాను. ఎన్నాళ్లుగా చూస్తున్నా ఒక సంగతి మాత్రం నన్ను వదలదు. వేట ముగించుకుని వచ్చిన బోటు కెరటం దాటి ఇసుకకి తగులుతుంది. అందులోంచి దిగేది నలుగురో అయిదుగురో. బోటు పైకెక్కించడానికి ఆ చేతులు చాలవు. అయినా ఎవరూ ఎవర్నీ పిలవరు. పక్కన వల బాగుచేసుకుంటున్నవాడు చేతిలో పని అక్కడే వదిలి లేస్తాడు. పేకాడుతున్న కుర్రాళ్లు ముక్కలు ఇసుకలో బోర్లించి వస్తారు. రెండు పొడుగాటి కర్రలు తాళ్లతో బోటుకి బిగించి, భుజాల మీదికెత్తుకుని, ముందు ముక్కు వైపు లేపి అర్ధచక్రంలా తిప్పుతారు, తర్వాత వెనక వైపు. ఒకసారి ఇటు, ఒకసారి అటు, అలా తిరుగుతూ తిరుగుతూ బోటు కెరటం అందని చోటికి చేరుతుంది. కర్ర ఒరుసుకునే చోట ఆ భుజాల మీద చర్మం కాయకట్టి నల్లగా మెరుస్తూ ఉంటుంది. పని అవగానే ఎవరి చోటికి వాళ్లు వెళ్లిపోతారు. ఒకరిద్దరి చేతుల్లో నాలుగు చేపలు పడతాయి, పడకపోయినా అడగరు. కృతజ్ఞత చెప్పడం అనేది అక్కడ నేను ఎన్నడూ వినలేదు.

వినలేదు కాబట్టే ఆ ప్రశ్న నన్ను వేధిస్తుందేమో. సముద్రం మీంచి వచ్చినవాడికి ఒడ్డు ఎంత బాకీ? వచ్చినవాడు ఒడ్డుకి ఎంత బాకీ? సొంత ఊరివాడి బోటు కాబట్టి లేచి వెళ్తున్నారు సరే, రేపు వాళ్ల బోటు వచ్చినప్పుడు ఇతను లేస్తాడు కదా. అదే ముక్కూ మొహం తెలియనివాడి పడవ వచ్చి తగిలితే? మన శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, విజయనగరానికి 28. ఇంత పొడుగు ఒడ్డు మీద బతికిన మనుషులు ఈ ప్రశ్నకి జవాబు ఎప్పుడో తేల్చుకుని ఉంటారు కదా అని, వేట మానేసి మనవల బోట్లు కాపలా కాసే ఒక పెద్దాయన్ని అడిగాను. "గంగలోంచి వొచ్చినోడ్ని ముందల ఒడ్డెక్కించాల బావూ. ఎవుడివి, ఏ ఊరోడివని తరవాత అడుగుతాం" అన్నాడు. మరి వాడు మంచివాడు కాకపోతే తాతా అన్నాను. ఆయన ఆ మాటకి నేరుగా జవాబు చెప్పలేదు. సముద్రం వైపు చూస్తూ వేరే సంగతి ఎత్తుకున్నాడు. "తెరసాప కాలంలోనైతే మమ్మల్ని ఒడ్డు ముందలే సూసీసేది. మా ఆడోళ్లు ఇక్కడ నిలబడి అల్లంత దూరానుంచే ఏ సాప ఎవులిదో సెప్పీసేవోరు. అతుకు సూసి సెప్పీసేవోరు. సాప రాకపోతే ఏడుపు కూడా ముందలే మొదలెట్టీసేవోరు. ఇప్పుడు ఇంజిను సప్పుడు ఇని తలెత్తీసరికి ఒడ్డుకొచ్చీసుంటాం."

ఆ మాట నన్ను చాలా దూరం తీసుకెళ్లింది. తెరచాపతో వచ్చేవాడు కనిపిస్తూ వస్తాడు. దాక్కునే వీలు లేదు, దూసుకొచ్చే వీలూ లేదు. ముందు నీటిగీత మీద ఒక చిన్న మచ్చ. గంట గడిస్తే అది త్రికోణం అవుతుంది. ఇంకో గంటకి దానికి రంగు వస్తుంది, అతుకులు కనిపిస్తాయి, తర్వాత మనుషులు. అంతసేపూ ఒడ్డు మీదివాళ్లు చూస్తూనే ఉంటారు, తమలో తాము మాట్లాడుకుంటారు, చుట్టమో పరాయివాడో తేల్చుకుంటారు. చిన్నప్పుడు నేను చూసిన తెప్పలు నాలుగైదు దుంగలు కూర్చి కట్టినవి. దుంగల సందుల్లోంచి నీళ్లు పైకి చిమ్ముతుండేవి, మనిషి మోకాళ్ల దాకా తడుస్తూనే కూర్చునేవాడు. వేకువన నేల మీంచి సముద్రం మీదికి వీచే గాలితో వెళ్లేవారు, మధ్యాహ్నం గాలి తిరిగాక దాంతోపాటు ఇంటికి మళ్లేవారు. ఎప్పుడు వెళ్లాలో ఎప్పుడు రావాలో గాలి చెప్పేది. అలా గాలి మీద ఆధారపడినవాడు ఒడ్డు మీద కూడా ఆధారపడక తప్పదు. అందుకేనేమో, తెరచాప పడవల్లో దీవులు తిరిగినవాళ్ల పుస్తకాలు చదువుతున్నప్పుడల్లా నేను సముద్రం వర్ణనలు దాటేసి, వాళ్లు ఒక ఊరికి చేరుతున్న పేజీల దగ్గరే ఆగిపోతాను. లంగరు వేశాక మొదటి అడుగు ఎలా వేశారు? ఎవరు ముందు పలకరించారు? ఒడ్డున ఉన్నవాళ్లకి ఏమనిపించింది? ఆ చివరి ప్రశ్నకి మాత్రం ఆ పుస్తకాల్లో జవాబు చాలా అరుదుగా దొరుకుతుంది.

జాషువా స్లోకం సంగతే తీసుకుందాం. భూమి చుట్టూ తెరచాప పడవలో ఒంటరిగా తిరిగి వచ్చిన మొదటి మనిషి ఆయన. 1895 ఏప్రిల్‌లో బోస్టన్‌లో బయల్దేరి, 'స్ప్రే' అనే తన పడవలో 1898 జూన్‌కి న్యూపోర్ట్ చేరాడు. ఆయన రాసుకున్న యాత్రా గ్రంథంలో రెండు ఘట్టాలు నాకు పక్కపక్కనే గుర్తుంటాయి. దక్షిణ అమెరికా కొసన మెజిలాన్ జలసంధిలో, రాత్రి పడుకునేముందు పడవ డెక్కు మీద మేకులు మొనలు పైకి ఉండేట్టు పరిచాడు, అక్కడి ఆదివాసులు చీకట్లో ఎక్కి వస్తారన్న భయంతో. వాళ్లు వచ్చారు, కాళ్లకి గుచ్చుకుని కేకలు పెట్టి పారిపోయారు. అదే మనిషి 1897లో హిందూ మహాసముద్రంలోని కీలింగ్ కోకోస్ దీవులకి చేరాడు. అక్కడ పడవని ఒడ్డెక్కించి, అడుగున బరువు కోసం పెట్టిన సిమెంటు తీసేసి, దాని స్థానంలో ఆ దీవి చుట్టూ దొరికే పెద్ద పెద్ద ఆల్చిప్పలు నింపుకున్నాడు. అక్కడి పిల్లల గురించి ఎంత ముద్దుగా రాశాడో చెప్పలేను. ఒకే డెక్కు, ఒకచోట మేకులు, ఇంకోచోట పిల్లల మీద మురిపెం. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. ఒంటరివాడు, ప్రాణభయం. కానీ కాళ్లకి మేకులు గుచ్చుకున్న ఆ మనుషుల కథ మనకి ఎవరు చెబుతారు? వాళ్ల నీళ్లలోకి వచ్చింది ఆయనే కదా. అప్పటికే వాళ్ల ఒడ్డుకి చేరిన తెల్లవాళ్లు ఏం చేసి ఉన్నారో వాళ్లు మరిచిపోలేదు కదా.

మన ఒడ్డున తెరచాప దాదాపు మాయమైపోయాక, మన అమ్మాయి ఒకామె తెరచాపతో భూమి చుట్టి వచ్చింది. భారత నౌకాదళం వారి 'తారిణి' పడవలో 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరిన ఆరుగురు మహిళల్లో విశాఖపట్నం వాసి లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి ఒకరు, హైదరాబాదుకి చెందిన లెఫ్టినెంట్ బి. ఐశ్వర్య ఇంకొకరు. ఫ్రీమాంటల్, లిటిల్‌టన్, ఫాక్‌లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ మీదుగా వెళ్లి, చుక్కాని ఇబ్బంది పెడితే మారిషస్‌లో ఆగి, 2018 మే 21న తిరిగి గోవా చేరారు. ఆ వార్త చదివిన రోజున బీచిలో కనబడ్డ ప్రతివాడికీ చెప్పాను. ఒక ముసలమ్మ మాత్రం "ఆడగుంట సాప కట్టిందా!" అని ఒక్క మాట అని, చాలాసేపు సముద్రం వైపే చూస్తూ ఉండిపోయింది.

మన ఒడ్డు ఎప్పుడూ వచ్చేవాళ్లని చూస్తూ కూర్చున్న ఒడ్డే కాదు, వెళ్లిపోయినవాళ్ల ఒడ్డు కూడా. వంశధార పక్కన శాలిహుండం కొండ ఎక్కితే బౌద్ధ స్తూపాల మధ్య నిలబడి నదీ, దాని వెనక సముద్రపు వెలుగూ చూడొచ్చు. ఆ కాలపు కళింగ ఓడలు తూర్పు దీవులకి వెళ్లేవని చరిత్రకారులు చెబుతారు. అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. మా తాతల తరంలో ప్రతి ఊళ్లోనూ 'రంగం', అంటే రంగూన్, వెళ్లినవాళ్లు ఉన్నారు. కళింగపట్నానికి అప్పట్లో పొగ ఓడలు వచ్చేవి. ఇక్కడ ఓడ ఒడ్డుకి ఆనే వీలు లేదు, దూరాన లంగరు వేసి నిలబడేది. మేకు అన్నది లేకుండా పలకల్ని కొబ్బరినార తాడుతో కుట్టిన మసూలా పడవల్లో మనుషుల్ని కెరటాలు దాటించి ఓడెక్కించేవారు. మేకులు కొట్టిన పడవ ఆ కెరటం దెబ్బకి విచ్చిపోతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. ఒక్క రేకు పెట్టె, ఒక మూట. అవతలి ఒడ్డున రంగూన్‌లో బియ్యపు మిల్లుల్లో, రేవుల్లో కూలిపని. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక వాళ్లలో ఎందరో అడవులూ కొండలూ పట్టి నడిచి వచ్చారు. అందరూ రాలేదు. ఎన్ని ఏళ్లున్నా పరాయివాళ్లమేనని ఆ ఒడ్డు వాళ్లకి అంతకు ముందే, 1930లలోని అల్లర్లలోనే చెప్పింది.

ఆ తర్వాతి తరానికి అండమాన్. మా వైపు బెస్తపల్లెల్లో 'పోర్టుబ్లేరు' అన్న మాట పక్క ఊరి పేరంత తేలిగ్గా పలుకుతారు. పెళ్లి సంబంధం పోర్టుబ్లేరు, మనవడి బారసాల పోర్టుబ్లేరు. 1950ల నుంచీ మన జాలరి కుటుంబాలు అక్కడికి వెళ్లి స్థిరపడుతూ వచ్చాయి. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి పదమూడుగురు తమ మాతృభాష తెలుగని రాయించుకున్నారు. ప్రభుత్వం 2024లో ఆ పట్నానికి శ్రీ విజయపురం అని పేరు మార్చింది, మా వాళ్ల నోట మాత్రం ఇంకా పోర్టుబ్లేరే. విశాఖ నుంచి ఓడలో నేనూ వెళ్లాను. సముద్రం మీద రెండు రాత్రులు దాటాక, జనమంతా ఒక పక్కకి చేరి నిలబడితే, నీటిగీత మీద ముందు ఒక ఆకుపచ్చ నూలుపోగు కనిపించింది. అది దీవి అయ్యేసరికి పూట గడిచింది. జంగ్లీఘాట్ చేపల రేవులో దిగిన నాకు మొదట వినబడింది సిక్కోలు యాస. వలలు ఆరేసిన తీరు, కావళ్లు కింద పెట్టి కబుర్లాడే తీరు, అన్నీ మనవే. ఒక పెద్దావిడ నన్ను ఏ ఊరని అడిగి, చెప్పగానే పీట వేసి, టీ చేతికిచ్చి, తర్వాత పేరడిగింది. గంగలోంచి వచ్చినవాణ్ని ముందు ఒడ్డెక్కించాలన్న పెద్దాయన మాట అక్కడికీ చేరిందన్నమాట. ఆవిడ చిన్నపిల్లప్పుడు తండ్రితో ఓడలో వచ్చిందట. "మేం వొచ్చీసరికి ఇక్కడ ఎవులూ నేరు బావూ. అంతా అడివే" అంది.

ఎవులూ నేరు. నేను తిరిగి వచ్చిన తర్వాత కూడా ఆ మాట నాతోనే ఉండిపోయింది. ఆవిడ చూసినంత వరకు అది నిజమే. ఆవిడ కళ్లకి ఎవరూ కనబడలేదు. కానీ 1858లో ఇంగ్లీషువాళ్లు అక్కడ ఖైదీల వలస పెట్టేనాటికి ఆ రేవు చుట్టూ బతుకుతున్నది ఆకా-బియా అనే జనం. వాళ్లూ, ఇరుగుపొరుగు తెగలూ కలిసి గ్రేట్ అండమానీయులన్న పేరుతో వేల సంఖ్యలో ఉండేవారు. పోరాటంలో కొందరు, 1877లో తట్టు పోసి ఎందరెందరో, ఇతర రోగాలతో ఇంకెందరో పోయారు. ఇవాళ గ్రేట్ అండమానీయులందర్నీ కలిపినా యాభై మంది చుట్టూ ఉంటారు. ఆకా-బియా భాష మాట్లాడే మనిషి ఒక్కడూ మిగల్లేదు. మనవాళ్లు వచ్చేసరికి అక్కడ నిజంగానే వాళ్లెవరూ లేరు. ఎందుకు లేరో ఆ జంగ్లీఘాట్ తల్లికి ఎవరూ చెప్పలేదు. రెండు పూటల కూడు కోసం ప్రభుత్వం పంపితే వెళ్లిన పేదవాళ్ల నెత్తిన ఆ పాపం పెట్టడం అన్యాయం, అది నేను ఒప్పుకోను. కానీ మనం ఒక ఖాళీ చేయించిన ఇంట్లో దిగామన్న సంగతి మన పిల్లలకైనా తెలియాలా, వద్దా? తెలియాలనే నేను అనుకుంటాను.

ఆ దీవుల్లోనే ఒక ఒడ్డు ఇప్పటికీ స్పష్టంగా వద్దని చెబుతోంది. ఉత్తర సెంటినల్. 1991 జనవరిలో మానవశాస్త్రవేత్త మధుమాల ఛటోపాధ్యాయ ఉన్న బృందం పడవలోంచి కొబ్బరికాయలు నీళ్లలోకి వదిలితే, సెంటినలీలు నడుం లోతు దాకా దిగి ఏరుకున్నారు. ఒక యువకుడు బాణం ఎక్కుపెడితే పక్కనున్న స్త్రీ అతన్ని తోసిందనీ, బాణం నీళ్లలో పడిందనీ ఆమె చెప్పింది. ఈ వృత్తాంతం చదివినప్పుడల్లా నాకు ఉద్దానం గుర్తొస్తుంది. కవిటి, సోంపేట వైపు ఎవరింటికి వెళ్లినా ముందు బొండం కొట్టి చేతిలో పెడతారు. ఇంటివాడు వచ్చినవాడికి కాయ ఇవ్వడం అక్కడి మర్యాద. వచ్చినవాడే ఇంటివాడికి కాయ చూపించి దగ్గరికి పిలవడం ఏమవుతుంది? అది కానుకా, ఎరా? నేను చాలాకాలం కానుకే అనుకున్నాను, ఇప్పుడు అంత గట్టిగా అనలేను. ఆ యాత్రల్లో పాల్గొన్నవాళ్లే తర్వాత వాళ్ల మానాన వాళ్లని ఉండనివ్వమన్నారు. ప్రభుత్వం కూడా ఆ యాత్రలు ఆపేసింది.

2006లో ఇద్దరు జాలరులు రాత్రి పడవలో నిద్రపోతుండగా లంగరు జారి ఆ ఒడ్డుకి కొట్టుకుపోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లని తలుచుకుంటే నాకు బాధ తప్ప వేరే మాట రాదు. మన పల్లెల్లో ఎవరికైనా జరగగలిగేదే అది. 2018 నవంబరులో ఒక అమెరికా యువకుడు మతం చెప్పడానికి దొంగచాటుగా వెళ్లాడు. జాలరులకి డబ్బిచ్చి, కోస్టుగార్డు కంటపడకుండా చీకట్లో తీసుకెళ్లమన్నాడు. అతనూ తిరిగి రాలేదు. తీసుకెళ్లిన జాలరులు జైలుకెళ్లారు. 2025 మార్చిలో ఇంకొకడు గాలి నింపిన పడవకి మోటారు తగిలించుకుని వెళ్లి, ఒక కూల్‌డ్రింకు డబ్బా, ఒక కొబ్బరికాయ ఇసుకలో పెట్టి వచ్చాడు. ఒడ్డు తమని చూసి మాట్లాడుకునే వ్యవధి వీళ్లిద్దరూ ఇవ్వలేదు. చూసి, మాట్లాడుకుని, ఆ ఒడ్డు ఎప్పుడో చెప్పిన జవాబునీ లెక్క చెయ్యలేదు.

ఆ 2018 నవంబరును మా జిల్లా మరిచిపోదు. అక్టోబరు 11 వేకువన తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటల్ని నేలకూల్చింది. తల తెగిన చెట్ల మధ్య జనం ఇంకా తేరుకోలేదు. అప్పుడే, గుజరాత్ వెరావల్ బోట్లలో పనికెళ్లిన మన కుర్రాళ్లని పాకిస్తాన్ పట్టుకుపోయిందన్న కబురు వచ్చింది. కె.మత్స్యలేశం, తిప్పలవలస ఇళ్లలో ఏడుపులు. నీటి మీద గీసిన గీత రాత్రి వేళ ఎవరికి కనిపిస్తుంది? ఇరవై మంది 2020 జనవరిలో విడుదలై వచ్చారు. కనబడని గీత దాటినందుకు ఏడాదికి పైగా చెర అనుభవించింది మనవాళ్లే. ఒడ్డున విల్లు పట్టుకుని నిలబడ్డ మనుషుల రూపంలో కళ్లెదుట కనబడే గీతని దాటడం సాహసమని ఎవరైనా మెచ్చుకుంటే, ఆ మాట నాకు మింగుడు పడదు.

అలాగని మనుషులు ఒకర్నొకరు కలుసుకోనే కూడదా? ఈ ప్రశ్న వచ్చినప్పుడు నాకు గిడుగు రామమూర్తి పంతులు గారు జ్ఞాపకం వస్తారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. శాలిహుండం బౌద్ధ అవశేషాలను 1919లో మొదట గుర్తించిందీ ఆయనే. పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూ, కొండల్లో ఉండే సవరలు కనబడినప్పుడల్లా వాళ్ల మాట వినాలనుకున్నారు. ఆ భాష వచ్చినవాణ్ని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, కొండలెక్కి వాళ్ల ఊళ్లకి వెళ్లారు. అడవి జ్వరం పట్టుకుంది, దానికి వాడిన క్వినైను ఆయన చెవుల్ని తినేసింది. అయినా మానలేదు. సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు, ఆ పిల్లల కోసం బళ్లు పెట్టించారు. వెళ్లినవాడు తన మాట వాళ్లకి వినిపించడానికి ముందు వాళ్ల మాట వినడానికి వెళ్లాడు, వినడం కోసం వినికిడినే ఇచ్చుకున్నాడు. సవరలు ఆయన్ని రానిచ్చారు. రానివ్వకపోయి ఉంటే ఆ మనిషి కొండ దిగువనే ఆగిపోయి ఉండేవారని నాకు నమ్మకం.

ఇంతా చెప్పి ఒక చిన్న మనవి చేసుకుంటాను. మన జిల్లాల నుంచి ఏటా ఎంతోమంది అండమాన్ వెళ్తున్నారు, సెలవులకి, చుట్టాల ఇళ్లకి. తప్పకుండా వెళ్లండి. వీలైతే ఒకసారి ఓడలో వెళ్లండి. జంగ్లీఘాట్‌లో మనవాళ్లని పలకరించండి, కడుపునిండా పెట్టి పంపుతారు. కానీ పర్యాటక ఏజెంట్లు బారాటాంగ్ గుహల పేరు చెప్పి, దారిలో జారవా ఆదివాసులు కనిపిస్తారని ఊరించి, అడవి మధ్యనుంచి పోయే ట్రంకు రోడ్డు మీద కారు ఎక్కిస్తారు. జారవాల ఫొటో తియ్యడం, వాళ్లకి తినుబండారాలు ఇవ్వడం చట్టరీత్యా నేరం. ఆ మనుషుల్ని చూడ్డానికని దయచేసి ఆ కారు ఎక్కకండి. బారాటాంగ్‌కి సముద్రం మీదుగా పడవలో కూడా వెళ్లొచ్చు.